చైనీస్‌లో దౌత్య పదవుల పేర్లు: కార్డులతో బట్టీ పడితే నిలవవు, మరెలా పట్టుకోవాలి?

అడిగిన ప్రశ్న ఇది: హెచ్ఎస్‌కే (చైనీస్ భాషా పరీక్ష) నాలుగో లెవెల్ అయిపోయింది, ఉండేది చెన్నైలో, ముందు ముందు దౌత్య వ్యవహారాల్లోనో విదేశాంగ విషయాలు చూసే సంస్థల్లోనో పని చేయాలని ఉంది, అంబాసిడర్, కాన్సుల్, అటాషే లాంటి పదవుల చైనీస్ పేర్లు కొన్ని వందలు కార్డుల మీద రాసుకుని చదువుతున్నాను, వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి, ఏం చేయను? హెచ్ఎస్‌కే ఐదు కూడా రాయాలా?

ముందు ఆ కార్డుల కట్ట పక్కన పెట్టండి. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు చైనీస్ ఉన్నంతకాలం అవి కలుస్తూనే ఉంటాయి, మీ జ్ఞాపకశక్తిలో లోపమేం లేదు. ఈ పదాల దగ్గర ఇంగ్లీషుకీ చైనీస్‌కీ ఒకటికి ఒకటి లెక్క కుదరదు, అంతే. సిస్టర్ ఇన్ లా అని ఇంగ్లీషువాడు ఒక్క మాట అనేసి ఊరుకుంటే మనకి వదినా, మరదలా, తోడికోడలా, ఆడపడుచా అని వెంటనే అనుమానం వస్తుంది కదా, పదవుల దగ్గర చైనీస్ వాళ్లదీ అదే వరస. ఏ దేశం మనిషి, ఎవరి తరఫున వచ్చాడు, ఎవరికి పైన, ఎవరికి కింద, ఇవతల ఎవరు కూర్చున్నారు, ఇవి తెలిస్తేనే నోట్లోంచి సరైన మాట వస్తుంది. అందుకని నేను చెప్పేది ఒక్కటే: పేరు కాదు, వరస నేర్చుకోండి. మిగతాదంతా దాన్ని ఎలా నేర్చుకోవాలన్న వివరమే.

నా సంగతి రెండు ముక్కల్లో. ఊరు నెల్లూరు వైపు, చైనీస్ చదివింది ఢిల్లీలో, చాలా ఏళ్లుగా ఉండేది చెన్నైలో, అన్నం పెట్టేది దుబాసీ పని. ఎక్కువ రోజులు శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీల్లోనే గడిచిపోతాయి, మధ్యమధ్యలో వాణిజ్య బృందాలు, యూనివర్సిటీ బృందాలు, అప్పుడప్పుడు బెంగళూరులో సెమినార్లు. (చెన్నపట్నంలో దుబాసీ పని మనవాళ్లకి కొత్తేం కాదు లెండి, కంపెనీ కాలంలో ఇక్కడి దుబాసీల్లో తెలుగువాళ్లు బోలెడుమంది.) ఇక్కడ చైనీస్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, పేపర్లలో బీజింగ్, షీ జిన్‌పింగ్ అని రాసే పద్ధతిలోనే. ప్రతి మాటా ప్లెకో అనే డిక్షనరీ యాప్‌లో కొట్టి అక్షరం, స్వరం (గొంతు పైకీ కిందికీ తీసే తీరు) చూసుకోండి, అది మాత్రం మానొద్దు.

మంత్రులతో మొదలుపెడదాం. విదేశాంగ మంత్రి అంటే వాయ్‌జ్యావ్ బూజాంగ్, వార్తల్లో కుదించి వాయ్‌జాంగ్ అంటారు. భారత్, రష్యా, ఫ్రాన్స్, చైనా అందరికీ ఇదే. అమెరికా దగ్గరికొచ్చేసరికి గ్వోవూఛింగ్. బ్రిటన్‌కి వాయ్‌జ్యావ్ దాఛెన్, జపాన్‌కి వాయ్‌శ్యాంగ్. చేసే పని దాదాపు ఒకటే, పేర్లు నాలుగు. ప్రధానమంత్రి కూడా అంతే: భారత్‌కి, చైనాకి జోంగ్‌లీ, జర్మనీ ఛాన్సలర్ కూడా జోంగ్‌లీయే, బ్రిటన్, జపాన్, స్పెయిన్‌లకి మాత్రం షౌశ్యాంగ్. రాజున్న చోటల్లా షౌశ్యాంగ్ అని సూత్రం పెట్టేసుకోకండి, థాయ్‌లాండ్‌లో రాజున్నా అక్కడి ప్రధాని జోంగ్‌లీయే. మన రాష్ట్రపతి, అమెరికా అధ్యక్షుడు జోంగ్‌తోంగ్, చైనా అధ్యక్షుడు గ్వోజ్యా జూశీ. కాబట్టి కార్డు మీద ప్రైమ్ మినిస్టర్ అని రాసుకోవడం దండగ. "యిందూ జోంగ్‌లీ మోదీ", "యింగ్‌గ్వో షౌశ్యాంగ్" అని దేశంతో కలిపి, కుదిరితే మనిషి పేరుతో కలిపి రాసుకోండి. మొత్తం ఒక్క ముద్దగా నోటికి రావాలి.

మన పదవుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన విదేశాంగ శాఖకి ఇంగ్లీషులో ఎక్స్‌టర్నల్ అఫైర్స్ అని పేరు కదా అని దాన్ని మాటకి మాట చైనీస్‌లోకి దించేవాళ్లని చూశాను, అక్కర్లేదు, చైనావాళ్లు యిందూ వాయ్‌జ్యావ్‌బూ అనే అంటారు, వాళ్ల శాఖకి ఏ పేరో మనదానికీ అదే. ముఖ్యమంత్రి షౌశీ బూజాంగ్. గవర్నర్ బాంగ్‌జాంగ్, ఎందుకంటే మన రాష్ట్రాలకి వాళ్లు వాడే మాట బాంగ్, ఆంధ్రప్రదేశ్ ఆన్‌దలా బాంగ్. చైనా ప్రాంతానికి షెంగ్, దాని గవర్నర్ షెంగ్‌జాంగ్. మనవాళ్లు ఎవరైనా ముఖ్యమంత్రిని షెంగ్‌జాంగ్ అంటే అవతలివాళ్లకి అర్థమవుతుంది, కానీ అది చైనా పదవి, మనది కాదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను, కార్యదర్శి. దౌత్యంలో చైనీస్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, దీని మీద ఒక ఆదివారమంతా కూర్చున్నా తప్పులేదు. ఇంగ్లీషులో సెక్రటరీ అనే మాట పెట్టుకుని ఎంతమంది బతుకుతున్నారో చూడండి. రాయబార కార్యాలయంలో ఫస్ట్ సెక్రటరీ, సెకండ్ సెక్రటరీ, థర్డ్ సెక్రటరీ ఉంటారు, వీళ్లు ఈదెంగ్ మీషూ, అర్‌దెంగ్ మీషూ, సాన్‌దెంగ్ మీషూ. ఆఫీసులో బాస్ అపాయింట్‌మెంట్లు చూసే మనిషీ మీషూయే. మన విదేశాంగ కార్యదర్శి వాయ్‌జ్యావ్ మీషూ. ఈయన మంత్రి కాదు, శాఖలో అందరికన్నా పై అధికారి. బ్రిటన్ ఫారిన్ సెక్రటరీ మాత్రం మంత్రే, అందుకే ఆయన్ని మీషూ అనరు, ఇందాక చెప్పినట్టు దాఛెన్. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట, చైనీస్‌లో మధ్య ఒక మెట్టు తేడా. మన కార్యదర్శికి చైనా వైపు సాటి ఎవరంటే ఉప విదేశాంగ మంత్రి, ఫూ వాయ్‌జాంగ్. రెండు దేశాల మధ్య విదేశాంగ కార్యదర్శి, ఉప మంత్రి స్థాయి చర్చలు అని ఒక ఏర్పాటే ఉంది, 2025 జనవరిలో మన విదేశాంగ కార్యదర్శిగా విక్రమ్ మిస్రీ బీజింగ్ వెళ్లింది దాని కిందే. ఆ సంగతి తెలిసినవాడికి వాయ్‌జ్యావ్ మీషూ అన్న మాట ఎప్పటికీ మరుపు రాదు, ఎందుకంటే ఎదుటి కుర్చీలో ఎవరున్నారో తెలుసు.

జాయింట్ సెక్రటరీ దగ్గర ఇంకా ఇబ్బంది. ల్యెన్‌హ మీషూ అని మాటకి మాట చెబితే చైనా మనిషికి హోదా ఏమీ తెలియదు, ఉమ్మడి కార్యదర్శి అనో ఏదో వినబడుతుంది. సరిహద్దు వ్యవహారాల మీద సంప్రదింపులు, సమన్వయం కోసం 2012లో పెట్టుకున్న కమిటీ ఒకటుంది, దాంట్లో మన వైపు తూర్పు ఆసియా విభాగం జాయింట్ సెక్రటరీ కూర్చుంటే వాళ్ల వైపు సరిహద్దు, సముద్ర వ్యవహారాల విభాగం అధిపతి, సీజాంగ్, కూర్చుంటాడు. అంటే మన జాయింట్ సెక్రటరీ అక్కడి సీజాంగ్ స్థాయి. మౌఖికంగా పరిచయం చేసేటప్పుడు పదవి చెప్పి వెంటనే "సీజాంగ్ జీ" అని తగిలిస్తాను నేను, జీ అంటే స్థాయి. అవతలివాళ్ల ముఖం వెంటనే తేటపడుతుంది.

ఇంతటితో అయిపోలేదు. పార్టీ కార్యదర్శి ఉన్నాడు, షూజీ. ఇది మీషూ కాదు, పూర్తిగా వేరే మాట. చైనాలో ఒక నగరానికి మేయర్, షీజాంగ్, ఉంటాడు, ఆ నగర పార్టీ కమిటీకి షూజీ ఉంటాడు, పెద్ద ఎవరంటే షూజీ. ప్రాంతాల్లో కూడా గవర్నర్ కన్నా పార్టీ షూజీయే పైన. మన దగ్గర మేయరే పెద్ద, సెక్రటరీ అంటే ఫైళ్లు మోసేవాడు. ఒకసారి ఇక్కడ ఒక వాణిజ్య సంఘం విందులో విజిటింగ్ కార్డుల ఇంగ్లీషు వైపు చూసి కుర్చీలు వేశారు, సెక్రటరీ అని ఉన్నాయన్ని తీసుకెళ్లి చివరి బల్ల దగ్గర, తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఆయన ఆ నగరానికి షూజీ. బృందంలో ఎవరూ గ్లాసు ముట్టుకోరు, ఎవరూ కూర్చోరు, నిర్వాహకులకి ఎందుకో అర్థం కాదు. కార్డు రెండోవైపు తిప్పి చూస్తే రెండు అక్షరాల్లో ఉంది సంగతంతా. తెలుగులో మనకి ఇంకా కష్టం, రాష్ట్ర ప్రభుత్వ సీఎస్ ప్రధాన కార్యదర్శే, పార్టీ జనరల్ సెక్రటరీ కూడా ప్రధాన కార్యదర్శే, ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ కూడా దాదాపు అదే మాట. చైనీస్‌లో పార్టీవాడు జోంగ్‌షూజీ, ఐరాసవాడు మీషూజాంగ్. ఇవి మూడు వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోండి: మీషూ, షూజీ, మీషూజాంగ్.

షీ జిన్‌పింగ్‌నే గమనించండి, ఆయన పార్టీకి జోంగ్‌షూజీ, దేశానికి గ్వోజ్యా జూశీ. మన ప్రధానినో ఫ్రాన్స్ అధ్యక్షుణ్నో కలిసినప్పుడు వార్తలో గ్వోజ్యా జూశీ అని వస్తుంది, వియత్నాం పార్టీ నాయకుడు వచ్చినప్పుడు జోంగ్‌షూజీ ముందుకొచ్చి కూర్చుంటుంది. ఏ టైటిల్ ముందు చదివారన్నదాన్ని బట్టే ఆ రోజు సమావేశం ప్రభుత్వాల మధ్యదా, పార్టీల మధ్యదా అని తెలిసిపోతుంది.

జూరెన్ అనే మాట కూడా ఇదే జాతి. డైరెక్టర్ అని నిఘంటువు చెబుతుంది, కానీ యూనివర్సిటీలో చిన్న ఆఫీసు అధిపతీ జూరెన్, మంత్రి హోదా ఉన్న కమిషన్ అధిపతీ జూరెన్. చైనాలో ప్రతి పెద్ద నగరానికి విదేశీ వ్యవహారాల ఆఫీసు ఉంటుంది, వాయ్‌బాన్ అంటారు, దాని అధిపతి వాయ్‌బాన్ జూరెన్. బెంగళూరుకి ఛెంగ్దూతో 2013లో, చెన్నైకి ఛోంగ్‌ఛింగ్‌తో, హైదరాబాద్‌కి ఛింగ్‌దావ్‌తో 2015లో సోదర నగరాల ఒప్పందాలు జరిగాయి, అలాంటి పనుల్లో మనకి తగిలేది ఈ వాయ్‌బాన్ వాళ్లే. అయితే పార్టీ కేంద్ర కమిటీకి కూడా ఒక వాయ్‌బాన్ ఉంది. 2023 మొదటి సగంలో వాంగ్ యీ దానికి జూరెన్, ఛిన్ గాంగ్ విదేశాంగ మంత్రి. పెద్ద ఎవరంటే ఆ జూరెనే. డైరెక్టర్ కన్నా మినిస్టర్ పెద్ద కదా అని ఇంగ్లీషు లెక్కలో పోయేవాడు అక్కడ తలకిందులైపోయేవాడు.

సరే, ఇప్పుడు రాయబార కార్యాలయం లోపలికి. ఇక్కడ మాత్రం మెట్లు చక్కగా ఉంటాయి, ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింద నుంచి పైకి చదివితే చాలు: దాషి, గోంగ్‌షి, త్సాన్‌జాన్, మూడు తరగతుల మీషూలు, చివర్లో స్వేయ్‌యువాన్. అంబాసిడర్, మినిస్టర్, కౌన్సెలర్, సెక్రటరీలు, అటాషే. రక్షణ విభాగం నుంచి వచ్చే అటాషేని మాత్రం స్వేయ్‌యువాన్ అనకూడదు, ఆయన వూగ్వాన్, సైనికాధికారి, హోదా చాలా పైన ఉండొచ్చు. (ముఖంలో కళ్లు, ముక్కు, నోరు వగైరాలకి కూడా వూగ్వాన్ అనే అంటారు, స్వరం కూడా అదే, కానీ సందర్భం వల్ల ఎవరూ పొరబడరు.) గోంగ్‌షి, త్సాన్‌జాన్ మధ్యలో గోంగ్‌షి శ్యెన్ త్సాన్‌జాన్ అని ఒకాయన ఉంటాడు, శ్యెన్ అంటే హోదా, గోంగ్‌షి హోదా ఉన్న త్సాన్‌జాన్, ఇంగ్లీషులో మినిస్టర్ కౌన్సెలర్. మన ఊళ్లలో కంపెనీలవాళ్లకి ఎక్కువ పనిపడేది షాంగ్‌వూ త్సాన్‌జాన్‌తో, అంటే వాణిజ్య కౌన్సెలర్‌తో.

కాన్సులేట్ నిచ్చెన వేరు: జోంగ్‌లింగ్‌షి, లింగ్‌షి, ఫూలింగ్‌షి, అంటే కాన్సుల్ జనరల్, కాన్సుల్, వైస్ కాన్సుల్. రాయబారి లేనప్పుడు బాధ్యత చూసేవాడు లిన్‌షి దాయ్‌బాన్. కాన్సుల్ జనరల్‌ని చిన్న దాషి అనుకుని రెండు నిచ్చెనలూ కలిపేయకండి, ఒకటి దౌత్య సంబంధాల మీది 1961 వియన్నా ఒప్పందం లెక్క, రెండోది కాన్సులర్ సంబంధాల మీది 1963 వియన్నా ఒప్పందం లెక్క.

ఆ 1961 ఒప్పందాన్ని అసలు వదలొద్దు. దానికి చైనీస్ ప్రతి అనువాదం కాదు, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్‌లతో సమానంగా ప్రామాణిక పాఠమే. ఇంగ్లీషూ చైనీసూ పక్కపక్కన తెరిచి 14వ అధికరణం దగ్గర ఆగండి, మిషన్ అధిపతుల్ని మూడు తరగతులుగా పెట్టింది అక్కడే. అధిపతికి వాళ్లు వాడిన మాట గ్వాన్‌జాంగ్, లైబ్రరీ అధిపతికీ మ్యూజియం అధిపతికీ వాడే మాటే. ఇలాంటివి ఏ పదజాబితా చెప్పదు.

ఇంత మెట్లు ఎక్కాక మీకే తెలిసిపోతుంది, వందల కార్డుల వెనక ఉన్నవి పాతిక ముప్పై అక్షరాలే అని. షి అంటే పంపినవాడు: దాషి, గోంగ్‌షి, తషి అంటే ప్రత్యేక దూత, షిగ్వాన్ అంటే దూత ఉండే భవనం. జాంగ్ అంటే అధిపతి, పక్కన ఏ సంస్థ పేరు పెడితే దానికి పెద్ద. ఫూ ముందుకొస్తే ఉప, జ్యెన్ వస్తే ఇంకో బాధ్యత కూడా, దాయ్ వస్తే ఒకరి బదులు. అన్నిటికన్నా పనికొచ్చేది జూ, ఫలానా చోట నియమితుడని. జోంగ్‌గ్వో జూ యిందూ దాషి అంటే భారత్‌లో చైనా రాయబారి. వరస ఎప్పుడూ ఇదే, పంపిన దేశం, జూ, ఉన్న చోటు, పదవి. చెన్నైలో ఉన్నారు కాబట్టి మీకు ఉచితంగా ప్రాక్టీసు దొరుకుతుంది. జెమినీ ఫ్లైఓవర్ దగ్గర బస్సు ఆగినప్పుడు అమెరికా కాన్సులేట్ చూసి "మేయ్‌గ్వో జూ జిన్‌నాయ్ జోంగ్‌లింగ్‌షి" అనండి, జిన్‌నాయ్ అంటే చెన్నై. తర్వాత జపాన్ది, కొరియాది, జర్మనీది. శ్రీలంకదీ బ్రిటన్‌దీ వచ్చేసరికి ఆగాలి, కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి రాయబారుల్ని పంపవు, హైకమిషనర్లని పంపుతాయి, కాబట్టి ఇక్కడున్నవి డిప్యూటీ హైకమిషన్లు, అధిపతి ఫూ గావ్‌జీ జ్వాన్‌యువాన్. బెంగళూరు వెళ్తే ఇజ్రాయెల్, ఫ్రాన్స్ దొరుకుతాయి. చైనా కాన్సులేట్ మాత్రం ఈ రెండు ఊళ్లలోనూ లేదు, ముంబై, కోల్‌కతాల్లో ఉన్నాయి, రాయబారి ఢిల్లీలో.

చెన్నైలో 2012 నుంచి తైవాన్ వాళ్ల తైపీ ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం ఉంది, దాన్ని వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల వల్ల మీకు తైవాన్ వాళ్లు చైనావాళ్ల కన్నా ముందు తగులుతారు. అక్కడ అధిపతిని ఛూజాంగ్ అంటారు, లింగ్‌షి అనరు. చైనా మంత్రిత్వ శాఖలో ఛూజాంగ్ అంటే సీజాంగ్ కింద పనిచేసే మధ్యస్థాయి అధికారి, ఇక్కడ ఆయనే ఆఫీసుకి పెద్ద. చెన్నైని కూడా వాళ్లు ఛింగ్‌నాయ్ అంటారు. ఒకరి మాట ఇంకొకరి దగ్గర వాడితే పదజాలం పొరపాటుగా కాదు, రాజకీయంగా వినబడుతుంది, గుర్తుంచుకోండి.

ఉచ్చారణ గురించి ఒక మంచి మాట. మన తెలుగువాళ్లకి ఇక్కడ కాస్త కలిసొస్తుంది. చలి, చాలు అన్నప్పుడు చ ఒకలా, చిన్న, చెట్టు అన్నప్పుడు ఇంకోలా పలుకుతాం కదా, పిన్యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, జడ్ అక్షరం ఆ చలిలో చ, జే అక్షరం చిన్నలో చ. పేపర్ల పద్ధతిలో నేను జ అని రాస్తున్నాను గానీ గొంతులో చ కే దగ్గర. అలాగే ద అని రాసింది నిజానికి ఒత్తులేని త, త అని రాసింది ఒత్తున్న థ. బళ్లో క ఖ, త థ దిద్దించారు చూడండి, అది ఇప్పుడు అక్కరకొస్తుంది. స్వరాలు మాత్రం ఎవరికీ ఊరికే రావు. జావ్‌హ్వేయ్ అనే మాట తీసుకోండి. నాలుగో స్వరం తర్వాత రెండో స్వరం అయితే రాయబారిని వెనక్కి పిలిపించుకోవడం, రెండూ నాలుగో స్వరమే అయితే దౌత్య లేఖ. ఒక దేశం లేఖ పంపిందనడానికి రాయబారిని పిలిపించుకుందని అంటే ఏమవుతుందో ఊహించుకోండి. దాషి కూడా అంతే, మూడో స్వరంలో రాయబారి, మొదటి స్వరంలో గురువు, నాలుగో స్వరంలో పెద్ద విషయం.

పదవుల్ని ఒంటరిగా కాకుండా క్రియతో కలిపి నేర్చుకోమని చెప్పడం మర్చిపోకముందే చెబుతాను, ఎందుకంటే చైనీస్‌లో క్రియ కూడా హోదా చెబుతుంది. సమాన స్థాయివాళ్లు అజెండాతో కూర్చుంటే హ్వేయ్‌తాన్. వచ్చిన అతిథిని కలవడం హ్వేయ్‌జ్యెన్. అతిథి తానుగా వెళ్లి మర్యాదపూర్వకంగా కలిస్తే బాయ్‌హ్వేయ్. ఇతర దేశాల ప్రధానులు అధికారిక పర్యటనకి బీజింగ్ వెళ్లినప్పుడు చైనా ప్రధాని వాళ్లతో హ్వేయ్‌తాన్ జరుపుతాడు, అధ్యక్షుడు హ్వేయ్‌జ్యెన్ చేస్తాడు, తెలుగు పేపర్లో రెండూ భేటీయే. మన మహాబలిపురంలో 2019 అక్టోబర్ 11, 12 తేదీల్లో మోదీ, షీ కలిసింది ఈ రెండూ కాదు, ఫేయ్‌జెంగ్‌షి హ్వేయ్‌వూ, అనధికార శిఖరాగ్ర సమావేశం, అంతకుముందు ఏడాది వూహాన్‌లో జరిగినదానికి కొనసాగింపు. రాయబారిని ఆతిథ్య దేశం పిలిపించి గట్టిగా చెబితే జావ్‌జ్యెన్, కాస్త మెత్తగా పిలిస్తే యుయేజ్యెన్. కొత్త రాయబారి చేసే మొదటి పెద్ద పని దీజ్యావ్ గ్వోషూ, అధికార పత్రాలు సమర్పించడం. దాషి అన్న కార్డు వెనక ఈ నాలుగైదు క్రియలతో వాక్యాలుండాలి, ఇంగ్లీషు అర్థం కాదు.

వినడానికి మీకు టైము కూడా కలిసొస్తుంది. చైనా ప్రభుత్వ టీవీ ఛానల్ సీసీటీవీలో అక్కడి టైము ప్రకారం రోజూ రాత్రి 7 గంటలకి వచ్చే శిన్‌వెన్ ల్యెన్‌బో అనే అరగంట వార్తలు మనకి సాయంత్రం 4:30కి. విసుగ్గా ఉంటుంది, నిజమే, కానీ పదవి పూర్తిగా, సరైన వరసలో, ఒక్క అక్షరం మింగకుండా చదివేవాళ్లు ఇంతకన్నా ఎక్కడా దొరకరు. ఎవరి పేరు ఎవరి తర్వాత వచ్చిందో రాసుకోండి. చదవడానికి వాళ్ల విదేశాంగ శాఖ రోజువారీ విలేకరుల సమావేశం, ప్రశ్నలూ జవాబులూ చైనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ పెడతారు, భారత్ మీద ప్రశ్న ఉన్న రోజుతో మొదలుపెట్టండి. అక్కడ సూ జ్యేషెంగ్ అనే పేరు కనబడితే ఎవరో చైనా ఆయన అనుకోవద్దు, మన జైశంకరే, 2009 నుంచి 2013 దాకా బీజింగ్‌లో మన రాయబారి. గూ ఖాయ్‌జ్యే అంటే విజయ్ గోఖలే, ఆయన కూడా బీజింగ్‌లో మన రాయబారిగా చేశారు.

పిలవడం గురించి కొంచెం. ఇంటిపేరు తర్వాత పదవి, వాంగ్ బూజాంగ్, లీ త్సాన్‌జాన్. ఉప మంత్రిని ముఖాముఖి పిలిచేటప్పుడు ఫూ తీసేసి బూజాంగ్ అనే అంటారు, మర్యాద. అసలు మంత్రి అదే గదిలో ఉంటే మాత్రం జాగ్రత్త. వేదిక మీద దాషి గష్యా అంటే మహోన్నత రాయబారి గారూ అన్నట్టు, కాఫీ దగ్గర దాషి శ్యెన్‌షెంగ్ చాలు.

ఉద్యోగాల సంగతి మీరు అడక్కపోయినా ఒక మాట. సొంతంగా దౌత్యవేత్త కావాలంటే దారి యూపీఎస్‌సీయే, ఐఎఫ్‌ఎస్‌లో చేరాక విదేశీ భాష వాళ్లే కేటాయిస్తారు, చైనీస్ వస్తుందని గ్యారంటీ లేదు. విదేశాంగ శాఖలో దుబాసీల కేడర్ వేరే ఉంది, నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. చెన్నై, బెంగళూరుల్లో అయితే పరిశోధన సంస్థలు, వాణిజ్య సంఘాలు, ఫ్యాక్టరీలు, ఈ వరసలు తెలిసినవాళ్ల కోసం అక్కడ ఎప్పుడూ వెతుకుతూనే ఉంటారు.

హెచ్ఎస్‌కే ఐదు రాయండి, దరఖాస్తుల్లో అడుగుతారు. కానీ పదవుల పేర్ల కోసం దాని మీద ఆధారపడకండి, దాషిగ్వాన్ నాలుగో లెవెల్ జాబితాలోనే వచ్చేసింది, త్సాన్‌జాన్, దాయ్‌బాన్ లాంటివి మీరే బయట ఏరుకోవాలి. ఈ వారం ఒక పని చేసి చూడండి: చైనా విదేశాంగ శాఖ సైట్లో ఏదైనా ఒక పర్యటన వార్త తీసుకుని, అందులో పేరున్న ప్రతి మనిషినీ ఒక బల్లకి రెండు వైపులా కాగితం మీద కూర్చోబెట్టి, ఎవరికి ఎవరు సాటో గీతలు గీయండి, తర్వాత చైనీస్‌లో ఒక్కొక్కర్నీ పరిచయం చేస్తూ పైకి చదవండి. ఎక్కడ ఆగిపోయారో ఇక్కడే రాయండి, చూస్తాను.